కంట్రోలర్ చెప్పేది మమ్మల్నీ చదవనివ్వండి

ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లు తయారుచేసి మన రాష్ట్రాల్లో అమ్ముతున్న సంస్థల యాజమాన్యాలకు, వాటి సర్వీస్ విభాగాల పెద్దలకు,

నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రిక్ బండ్లు బాగుచేయడం మా పని. మా షెడ్డు మీద మీ సంస్థల బోర్డు లేదు. అయినా మీ బండ్లు రోజూ మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వారంటీ అయిపోయినవి కొన్ని. వారంటీ ఉన్నా సర్వీస్ సెంటర్‌లో వంతు రాక కిరాయిలు పోగొట్టుకుంటున్నవి కొన్ని. అమ్మిన డీలరే షట్టర్ దించేసి వెళ్లిపోతే దిక్కు తోచక వచ్చినవి ఇంకొన్ని.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. మీరు అమ్మే ప్రతి మోడల్‌కూ మోటార్ కంట్రోలర్ (మోటార్‌కి కరెంటు పంపే పెట్టె) ఎర్రర్ కోడ్‌ల పట్టిక, వైర్లను కలిపే కప్లర్ పిన్‌ల పటం, ఏ పిన్ దగ్గర ఎన్ని వోల్టులు రావాలో చెప్పే వివరం అందరికీ దొరికేలా పెట్టండి. కంట్రోలర్ లోపలి ప్రోగ్రాం మాకు అక్కర్లేదు. స్పీడు లిమిట్ మార్చే వీలూ అడగడం లేదు. తనకు ఏమైందో కంట్రోలరే చెబుతోంది. దాన్ని చదవనివ్వమంటున్నాం, అంతే.

ఎందుకు ఇంతగా అడుగుతున్నామో చెబుతాను.

బండి కదలకపోతే సర్వీస్ సెంటర్లలో ముందు వినబడే మాట "కంట్రోలర్ పోయిందండీ." కొత్తది కావాలంటే వేల రూపాయలు, అది వచ్చేదాకా రోజుల తరబడి ఎదురుచూపులు. ఆటో ఆగితే డ్రైవర్ రాబడి ఆగుతుంది గానీ ఫైనాన్స్ కిస్తీ ఆగదు. ఆ మాట అనిపించుకుని మా దగ్గరికి వచ్చిన బండ్లలో చాలావాటికి కంట్రోలర్ నిక్షేపంగా ఉంటుంది. వానాకాలంలో ఒక ఆటో వచ్చింది. కొత్త కంట్రోలర్‌కి అడ్వాన్సు కట్టమన్నారట. "ఇంట్లో ఆవిడ గాజులు కుదువ పెట్టాలి అన్నా, ఒక్కసారి మీరూ చూడండి" అన్నాడు డ్రైవర్. తాళం తిప్పగానే వెనక బ్రేక్ లైటు వెలిగింది, పెడల్ మీద ఎవరి కాలూ లేదు. పెడల్ కింద ఉండే చిన్న స్విచ్ బురదకు బిగుసుకుపోయింది. బ్రేక్ నొక్కి ఉందని సిగ్నల్ వస్తుంటే మోటార్‌కి కరెంటు ఇవ్వకూడదన్నది కంట్రోలర్‌కి మీరు నేర్పిన పాఠమే. అది దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. స్విచ్ కడిగి ఆరబెట్టి బిగిస్తే బండి కదిలింది. బ్రేక్ స్విచ్ ఆన్‌లో ఉండిపోయిందని ఆ బండి డిస్‌ప్లే మీద ఒక అంకె రూపంలో కనబడుతూనే ఉంది. ఆ అంకెకు అర్థం ఏమిటన్నది మాత్రం మీ వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

ఈ లేఖ మామూలు పాఠకులు కూడా చదువుతారు కాబట్టి కంట్రోలర్ సంగతి కొంచెం చెప్పాలి. బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు. మోటార్‌కి మూడు ఫేజ్ వైర్లు, చాలా బండ్లలో పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉంటాయి. కంట్రోలర్‌లో ఉండే మాస్‌ఫెట్‌లు అనే స్విచ్‌లు ఆ డీసీని సెకనుకు వేలసార్లు తెగ్గొట్టి, ఏ క్షణంలో ఏ రెండు వైర్లకు పంపాలో చూసి పంపుతాయి. అలా పంపాలంటే మోటార్‌లో తిరిగే అయస్కాంతం ఎక్కడుందో తెలియాలి. దానికి చాలా మోటార్లలో మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. ఎంత వేగం కావాలో థ్రాటిల్, అంటే చేత్తో తిప్పే యాక్సిలరేటర్, చెబుతుంది. బ్రేక్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, ఉష్ణోగ్రత సెన్సర్, కొత్త బండ్లలో బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్, వీటిలో ఏ ఒక్కటి వద్దన్నా కంట్రోలర్ మోటార్‌ని తిప్పదు. అంటే బండి కదలకపోవడానికి కారణాలు చాలానే ఉంటే, వాటిలో కంట్రోలర్ చెడిపోవడం ఒకటి మాత్రమే. బయటివన్నీ తోసిపుచ్చాకే లోపలికి వెళ్లాలి. మా పనిలో మొదటి సూత్రం ఇదే.

హాల్ సెన్సర్ల దగ్గర వచ్చే ఇబ్బందులు ఎక్కువ. సెన్సర్లకు 5 వోల్టులు అందుతున్నాయా లేదా చూసి, తాళం ఆన్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఒక్కో సిగ్నల్ వైరు దగ్గర మీటర్ పెడతాం. సున్నాకూ 5కూ మధ్య సిగ్నల్ మారుతూ ఉండాలి. ఒకటి మారకుండా నిలబడిపోయిందంటే బండి గుర్రుమంటూ కుదుపులిస్తుంది గానీ కదలదు. సెన్సర్లు 120 డిగ్రీల అమరికలో ఉన్న మోటార్లలో మూడు సిగ్నళ్లూ ఒకేసారి పైన గానీ ఒకేసారి కింద గానీ ఉండకూడదు. అలా కనబడితే వైరు తెగిందనో, 5 వోల్టుల లైను పడిపోయిందనో లెక్క. ఆ 5 వోల్టులే చాలా బండ్లలో థ్రాటిల్‌కీ వెళ్తాయి. థ్రాటిల్ వైరు హ్యాండిల్ దగ్గర ఒరుసుకుపోయి బాడీకి తగిలితే హాల్ సెన్సర్లు కూడా చచ్చినట్టు కనబడతాయి. థ్రాటిల్ కప్లర్ ఊడదీసి మళ్లీ మీటర్ పెడితే 5 వోల్టులు తిరిగి వస్తాయి. అలా నిమిషంలో తేలిపోయే తప్పుకు మోటార్ మొత్తం విప్పించిన సందర్భాలున్నాయి.

చక్రంలోనే మోటార్ ఉండే హబ్ మోటార్ స్కూటర్లలో పంక్చర్ తర్వాత వచ్చే తప్పు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, దాన్ని మీరు ఆపగలరు కాబట్టి. ఫేజ్ వైర్లు, హాల్ వైర్లు అన్నీ కలిసి బోలు ఇరుసులోంచి బయటికి వస్తాయి. పంక్చర్ షాపులో చక్రం ఊడదీసి బిగించేటప్పుడు ఇరుసు కాస్త తిరిగినా, వాషరు సరిగ్గా కూర్చోకపోయినా ఆ కేబుల్ నలుగుతుంది. ఆ రోజు బండి బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకు ఇన్సులేషన్ చిరిగి, 48 వోల్టులో 60 వోల్టులో నడిచే ఫేజ్ వైరు 5 వోల్టుల హాల్ వైరుకు తగులుతుంది. సెన్సర్లు పోతాయి, వాటి వెంట కంట్రోలర్ లోపలి 5 వోల్టుల భాగమూ పోతుంది. కారణం కనిపెట్టకుండా కొత్త కంట్రోలర్ బిగిస్తే అదీ మొదటి తిప్పుకే పోతుంది. యజమాని రెండు కంట్రోలర్ల డబ్బు కడతాడు. మీ మాన్యువల్‌లో ఒక్క పేజీ పెట్టండి: చక్రం ఎలా తీయాలి, ఇరుసు తిరగకుండా పట్టే టార్క్ వాషర్ ఏ దిక్కున కూర్చోవాలి, నట్టు ఎంత బిగించాలి. ఊరూరా పంక్చర్ వేసేవాళ్లకు అది చేరితే ఎన్ని కంట్రోలర్లు బతుకుతాయో మీ వారంటీ లెక్కల్లోనే తెలుస్తుంది.

థ్రాటిల్ పరీక్ష చిన్నది. వదిలేసి ఉన్నప్పుడు సుమారు 0.8 వోల్టు, పూర్తిగా తిప్పితే నాలుగుకు అటూ ఇటూ. ఇది సాధారణంగా ఉండే కొలత, మోడల్‌ని బట్టి మారుతుంది. మీ మోడల్‌లో సరైన అంకె ఎంతో మీరు చెప్పరు కాబట్టి మేం అదే మోడల్ బండి ఇంకొకటి ఎప్పుడొస్తుందా అని చూసి, దాని దగ్గర కొలిచి నోట్ పుస్తకంలో రాసుకుంటున్నాం. ఆటోనగర్‌లో ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు ఈ పుస్తకాలు తిరుగుతుంటాయి. మీ ఇంజనీర్లు డిజైన్ చేసిన రోజే రాసుకున్న అంకెల్ని మేం ఇలా ఒక్కొక్కటిగా తవ్వుకుంటున్నాం.

ఇక వేడి. 45 డిగ్రీలు తాకే రెంటచింతల, రామగుండం ఎండల్లో, సీటు కింద గాలి ఆడనిచోట పెట్టిన కంట్రోలర్ మధ్యాహ్నానికి బలం తగ్గించేస్తుంది. తనను తాను కాపాడుకోవడానికి అలా చేస్తుంది, అది తప్పు కాదు. డ్రైవర్‌కి మాత్రం బండి నీరసపడినట్టు కనబడుతుంది, బ్యాటరీ పోయిందేమో అని భయపడతాడు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బ్రేక్ వేయకుండా థ్రాటిల్ మీదే ఆటోని నిలబెట్టడం ఇంకా ప్రమాదం. చక్రం తిరగదు కాబట్టి కరెంటంతా అవే మాస్‌ఫెట్‌ల గుండా పోతూ ఉంటుంది, మిగతావి ఖాళీగా ఉంటాయి. ఆ కొన్ని కాలిపోతాయి. ఈ మాట ఎంతమంది డ్రైవర్లకు బండి ఇచ్చే రోజున చెబుతున్నారు?

బోల్టులూ అంతే. ఫేజ్ వైరు చివర బోల్టుకు బిగించే లగ్గు గానీ, ఎంసీబీ దగ్గరి కనెక్షన్ గానీ వదులైతే అక్కడ అర వోల్టు పడిపోతుంది. అర వోల్టే కదా అనిపిస్తుంది. 50 ఆంపియర్లు పోతున్నప్పుడు అర వోల్టంటే 25 వాట్ల వేడి, సోల్డరింగ్ ఐరన్‌ని ఆ బోల్టుకు ఆనించి పెట్టినట్టు. ప్లాస్టిక్ కరుగుతుంది, లోడు పడగానే కంట్రోలర్‌కి చేరే వోల్టేజీ తగ్గుతుంది, తక్కువ వోల్టేజీ అని అది ఆపేస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు కొలిస్తే బ్యాటరీ నిండుగా చూపిస్తుంది. అందుకే ఒక మనిషి బండి నడుపుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని లోడు మీద కొలవాలి. వానాకాలం కప్లర్ల సంగతీ చూడండి. కంట్రోలర్ పెట్టె మీద ఐపీ 67 అని, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని, రాసి ఉంటుంది, పెట్టె వరకూ అది నిజమే. నీళ్లు వైరు వెంట జారి కప్లర్‌లోకి దిగుతాయి, పిన్‌లు పచ్చగా చిలుం పడతాయి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇవన్నీ చూశాక కూడా బండి కదలకపోతే అప్పుడు కంట్రోలర్. బ్యాటరీ విడదీసి, లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటుని రెసిస్టర్‌తోనో బల్బుతోనో ఖాళీ చేసి, మీటర్‌ని డయోడ్ గుర్తు దగ్గర పెట్టి నెగటివ్ నుంచి ఒక్కో ఫేజ్‌కీ, ఒక్కో ఫేజ్ నుంచి పాజిటివ్‌కీ చూస్తాం. మూడింటిలోనూ దాదాపు ఒకే అంకె రావాలి. ఒకదానిలో సున్నా వచ్చిందంటే మాస్‌ఫెట్ షార్ట్ అయినట్టు. చక్రం చేత్తో తిప్పితే బిగదీసుకుని, ఫేజ్ వైర్లు ఊడదీయగానే సులువుగా తిరిగిందంటే అదీ ఈ గుర్తే. ఇంతవరకు ఏ కంట్రోలర్‌కైనా చెల్లుతుంది. ఎందుకు పోయిందన్నది తెలియాలంటే మాత్రం అది దాచుకున్న రికార్డు చూడాలి: చివరిసారి ఎంత వేడెక్కింది, ఎంత కరెంటు లాగింది, ఏ కోడ్ ఎన్నిసార్లు వచ్చింది. అది లేకుండా కొత్తది బిగించడం మళ్లీ అదే గోతిలో దిగడమే.

పాత రకం కంట్రోలర్లలో వైర్లన్నీ విడివిడిగా బయటికి ఉండేవి, మీటర్ ఉంటే చాలు. కొత్త బండ్లలో బీఎంఎస్, డిస్‌ప్లే, కంట్రోలర్ మూడూ క్యాన్ లైను మీద మాట్లాడుకుంటాయి. రెండు వైర్ల మీద వెళ్లే ఆ మాటలు మీటర్‌కి వినబడవు. మంచి కంట్రోలరే తెచ్చి బిగించినా, మీ సాఫ్ట్‌వేర్‌తో బండి నంబరుకు జత చేయకపోతే కదలదు. వైర్లను చూసి తప్పు పట్టే చోటు రోజురోజుకూ తగ్గిపోతోంది కాబట్టే కోడ్‌ల పట్టిక ఇంత అవసరమైంది.

ఇది ఎవరూ చేయలేని పని కాదు. ఫోర్క్‌లిఫ్టుల్లో, గోల్ఫ్ కార్టుల్లో వాడే అమెరికా కర్టిస్ సంస్థ కంట్రోలర్లు చూడండి. వాటి 1234, 1236, 1238 మోడళ్ల మాన్యువల్‌లో ప్రతి కోడ్ ఉంటుంది. 12 అంటే కరెంటు హద్దు మీరింది. 14 అంటే ప్రీఛార్జ్ (బ్యాటరీ పూర్తిగా కలిసే ముందు కెపాసిటర్లను మెల్లగా నింపడం) కాలేదు. 17 అంటే వోల్టేజీ బాగా పడిపోయింది. 22 అంటే వేడెక్కి బలం తగ్గించింది. 36 అంటే మోటార్ తిరగడాన్ని కొలిచే ఎన్‌కోడర్ తప్పు. 41, 42 థ్రాటిల్‌వి. కోడ్ పక్కనే కారణాలు, అది వచ్చినప్పుడు కంట్రోలర్ ఏం చేస్తుందో, ఎలా పోతుందో రాసి ఉంటాయి. కంట్రోలర్ మీది లైటు ఎన్నిసార్లు మిణుకుమంటే ఏ కోడో లెక్కపెట్టుకోవచ్చు, ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఆ మాన్యువల్ బయట ఉంది, ఆ సంస్థ వ్యాపారానికి వచ్చిన లోటేమీ లేదు.

పెట్రోలు బండ్ల వాళ్లకు ఈ బాధ చాలావరకు లేదు. బీఎస్ 6 నిబంధనలు వచ్చాక 2020 ఏప్రిల్ 1 నుంచి ద్విచక్ర వాహనాలకూ ఓబీడీ, అంటే బండే తన తప్పును పట్టి చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది. ఇంజన్ తప్పు చేస్తే లైటు వెలుగుతుంది, కోడ్ చదివే పరికరం బజారులో దొరుకుతుంది. ఓబీడీ వచ్చింది పొగ నియంత్రణ కోసం. ఎలక్ట్రిక్ బండికి పొగ లేదు కాబట్టి ఆ నియమమూ లేదు. పొగ రాని బండి కొన్నందుకు దాని తప్పు తెలుసుకునే వీలు పోగొట్టుకోవడం ఏ విధంగా న్యాయం? కాలిఫోర్నియాలో 2022లో ఈ ఖాళీని గుర్తించి, 2026 మోడల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లలో అందరూ చదవగలిగే ప్రామాణిక సమాచారం ఉండాలని, రిపేరు వివరాలు బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని నిబంధన పెట్టారు.

మన దేశంలోనూ ఈ మాట కొత్త కాదు. 2014 ఆగస్టు 25న వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల సంస్థలకు వాటి టర్నోవర్‌లో 2 శాతం చొప్పున జరిమానా వేసింది. మొత్తం 2,544 కోట్లు దాటింది. విడిభాగాలు, తప్పు పట్టే పరికరాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నదే అభియోగం. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, తప్పుడు రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ కాదనాలని కూడా చెప్పింది. కొన్ని సంస్థలు పైకి అప్పీలుకు వెళ్లాయి, నిజమే. కానీ ఆ తీర్పులోని న్యాయం ఎలక్ట్రిక్ ఆటోకి వర్తించదని ఎవరనగలరు? 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. పైగా ఈ బండ్లలో ప్రజల సొమ్ము ఉంది. కేంద్రం పెట్టిన ఫేమ్ పథకం రెండో దశలో ఎలక్ట్రిక్ ఆటోలకు బ్యాటరీ సామర్థ్యంలో కిలోవాట్ అవర్‌కి 10,000 రూపాయల చొప్పున సబ్సిడీ వచ్చింది, 2024 అక్టోబరు నుంచి పీఎం ఈ-డ్రైవ్ అనే సబ్సిడీ పథకం నడిచింది. పన్ను కట్టిన వాళ్ల డబ్బుతో ధర తగ్గిన బండికి ఎర్రర్ కోడ్‌ల పట్టిక రహస్యం కాకూడదు.

మీ వైపు నుంచి రెండు అభ్యంతరాలు వింటుంటాం. భద్రత ఒకటి. ఆ భయం సరైనదే. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే ఏమవుతుందో మాకు మీ కంటే తక్కువ తెలియదు, చేతులు కాలిన కుర్రాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అందుకే అడుగుతున్నాం. ముందు ఏ కప్లర్ తీయాలి, కెపాసిటర్లు ఖాళీ కావడానికి ఎంతసేపు ఆగాలి, ప్రీఛార్జ్ లేకుండా బ్యాటరీ తగిలిస్తే ఏమవుతుంది, ఇవి తెలిసిన మెకానిక్ క్షేమంగా పనిచేస్తాడు. మీరు వివరం ఇవ్వకపోయినా బండి మా దగ్గరికి రావడం ఆగదు, తెలియకుండా చేయి పెట్టే కుర్రాడి సంఖ్య మాత్రం పెరుగుతుంది. రెండోది, స్పీడు లాక్ తీసేస్తారని. 250 వాట్లు, 25 కిలోమీటర్ల పరిమితితో రిజిస్ట్రేషన్ లేకుండా తిరిగే స్కూటర్లకు లాక్ ఊడదీసే వాళ్లున్నారు, వాళ్లను మేమూ సమర్థించం. చదవడం వేరు, మార్చడం వేరు. కోడ్‌లు, రికార్డు చూడగలిగి సెట్టింగులు తాకలేని రీడర్ ఇవ్వండి, లేదా యజమాని ఫోన్ యాప్‌లోనే ఆ కోడ్‌లను తెలుగులో చూపించండి. కంట్రోలర్ మార్చినప్పుడు జత చేసే పనికి యజమాని ఓటీపీ చాలు. దొంగబండ్ల భయమూ ఉండదు.

ఐటీఐల్లో ఇప్పుడు ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ ట్రేడు ఉంది. అది చదివిన పిల్లలు మా దగ్గర పనికి చేరుతున్నారు. మోటార్ సిద్ధాంతం చక్కగా చెబుతారు. బజారులో తిరిగే ఒక్క బండి వైరింగ్ పటం కూడా చూసి ఉండరు, చూపించడానికి వాళ్ల మాస్టారి దగ్గరా లేదు. మీరు ఇచ్చే కాగితాలు ముందు అక్కడికి చేరాలి.

మూతపడే సంస్థల గురించి కూడా ఒక మాట. ఈ రంగంలో నిలబడలేక వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. సర్వర్ ఆగితే యాప్ ఆగుతుంది, జత చేసే సాఫ్ట్‌వేర్ దొరకదు, నాలుగేళ్లు నడవాల్సిన బండి మూలన పడుతుంది. సాఫ్ట్‌వేర్‌నీ, కోడ్‌ల పట్టికనీ ముందే ఒక పరీక్షా సంస్థ దగ్గర జమచేసి, మీరు అమ్మకాలు ఆపిన రోజున అది బయటికి వచ్చేలా ఏర్పాటు చేయండి. దీన్ని సబ్సిడీకి షరతుగా పెట్టమని భారీ పరిశ్రమల శాఖకూ విడిగా రాస్తున్నాం.

ఇప్పటికి ఒక్క మోడల్‌తో మొదలుపెట్టండి, మీరు ఎక్కువగా అమ్మినదానితో. కోడ్‌ల పట్టిక, కప్లర్ పటం, థ్రాటిల్‌కీ హాల్ సెన్సర్లకూ రావాల్సిన వోల్టులు, చక్రం ఊడదీసే పద్ధతి. నాలుగైదు పేజీలు మించవు, మీ సర్వీస్ సెంటర్ల దగ్గర ఇప్పటికే ఉన్నవే. తెలుగు చేసి పెట్టడానికి మనుషులు కావాలంటే ఆ పని మేం డబ్బు తీసుకోకుండా చేస్తాం. కోడ్‌లలో ఏవి మన రోడ్ల మీద ఎక్కువ వస్తున్నాయో, ఏ కప్లర్ ఏ కాలంలో చిలుం పడుతోందో మేం రాసుకున్న నోట్ పుస్తకాలు మీ ఇంజనీర్లు వచ్చి అడిగితే ఇస్తాం. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున తొమ్మిది నుంచి షెడ్డులోనే ఉంటాం.

ఇట్లు,
ఆటోనగర్ ఎలక్ట్రిక్ వాహన మెకానిక్‌ల తరఫున ఒక మెకానిక్,
విజయవాడ